ఆ ముప్పావుగంట పిల్లలదే!

పిల్లల మనసు బాగోలేనప్పుడు కౌన్సెలింగ్ ఫోన్లో ఇప్పించాలా, నేరుగా తీసుకెళ్లాలా? మా అక్క అడిగితే ఠక్కున జవాబు చెప్పేశాను. అందులో సగమే నిజమని తర్వాత తెలిసింది.

"పిన్నీ, అమ్మ తలుపు బయటే నిల్చుంటోంది."

కిందటేడాది డిసెంబరులో ఓ శనివారం సాయంత్రం మా అక్క కూతురు ఫోన్లో నాతో అన్న మాట ఇది. "నీకెలా తెలుసే?" అన్నాను. "తలుపు కింద సందుంది కదా... అందులోంచి అమ్మ కాళ్ల నీడ కనిపిస్తోంది. నేను మేడమ్‌తో మాట్లాడినంతసేపూ ఆ నీడ కదల్లేదు" అంది. ఆ తర్వాత రెండు వారాలు మేడమ్ ఏమడిగినా 'బాగానే ఉన్నానండీ' అనే ఒక్క మాటతో సరిపెట్టేసింది. అమ్మ తిడుతుందని కాదట. వింటే బాధపడుతుందని.

ఇందులో నా తప్పూ ఉంది. ఫోన్లో కౌన్సెలింగ్ ఇప్పించమని సలహా ఇచ్చింది నేనే.

ఈ సంగతులు రాయొచ్చా అని ఆ పిల్లనే అడిగాను. "నా పేరు, ఊరి పేరు రాయకు. మిగతాది రాసుకో" అంది. అందుకే ఈ వారం మా ఇంటి కథే మీకు చెబుతున్నాను.

అక్కావాళ్లది పల్నాడులో ఓ చిన్న ఊరు. బావకు ఎరువుల కొట్టు. ముందు హాలు, వెనక ఒక పడగ్గది, వంటిల్లు... అదీ ఇల్లు. పిల్లను ఇంటర్ బైపీసీలో చేర్చి విజయవాడ హాస్టల్లో పెట్టారు. దసరా సెలవులకు వచ్చిన పిల్ల తిరిగి బయల్దేరే రోజున కడుపునొప్పి అంది. మర్నాటికి తగ్గింది. మళ్లీ బ్యాగు సర్దగానే నొప్పి. స్కానింగ్ తీయించారు, రక్తపరీక్షలు చేయించారు. అన్నీ బాగానే ఉన్నాయి. 'దిష్టి తగిలింది' అని వాళ్ల నాయనమ్మ ఎండుమిరపకాయలతో దిగదుడిచి పొయ్యిలో వేసింది. చివరికి ఊళ్లో డాక్టరుగారే 'ఇది పొట్టలో పుట్టిన నొప్పి కాదమ్మా. గుంటూరులో ఒకసారి సైకియాట్రిస్టుకి చూపించండి' అన్నారు.

అక్కకు పిడుగు పడ్డట్టయింది. "పిచ్చి డాక్టరు దగ్గరికా? నలుగురికీ తెలిస్తే రేపు సంబంధాలప్పుడు..." అని నాకు ఫోన్ చేసి ఏడ్చింది. పదహారేళ్ల పిల్లకు అప్పుడే సంబంధాలేమిటని కోప్పడి, నేనే వెళ్లి ఇద్దర్నీ బయల్దేరదీశాను. డాక్టరుగారు చాలాసేపు మాట్లాడారు. ఆందోళన సమస్య అన్నారు. ఇప్పుడే మందులు అక్కర్లేదు, క్లినికల్ సైకాలజిస్టు దగ్గర వారానికోసారి కౌన్సెలింగ్ తీసుకోండి, రెండు మూడు నెలలు పట్టొచ్చు అన్నారు. నేరుగా వచ్చినా సరే, వీడియోలో అయినా సరే అన్నారు.

ఇంటికి వచ్చే దారిలో అక్క అడిగింది, "ఏది మంచిదే?" అని.

"ఇంకా ఆలోచిస్తావేంటి, ఆన్‌లైనే! పోనూ రానూ నాలుగు గంటల బస్సు. బావ కొట్టు మూసుకోవాలి. ఆసుపత్రిలో తెలిసినవాళ్లెవరైనా చూస్తారని నీకు ఎలాగూ భయం. ఫోన్లో అయితే గడప దాటక్కర్లేదు" అన్నాను.

అసలు చిక్కు గడప లోపలే ఉందని నాకప్పుడు తట్టలేదు.

ఇది మీ ఇంటి సమస్య కాకపోవచ్చు...

కానీ మీ వీధిలో ఎవరో ఒకరిది అయ్యుంటుంది. 2015-16లో బెంగళూరు నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని అందులో తేలింది. ప్రపంచవ్యాప్తంగా చూస్తే 10 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఈ ఇబ్బంది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మరి చూసేవాళ్లు? మన దేశంలో లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టయినా లేరు. సైకాలజిస్టుల సంగతీ అంతంతమాత్రమే. ఉన్న కొద్దిమందీ పెద్ద ఊళ్లలోనే ఉంటారు. కాబట్టి ఫోన్లో వైద్యం అనేది వేళాకోళమేమీ కాదు. చాలా ఊళ్లకు అదొక్కటే దారి.

2020లో కరోనా వచ్చి అందరి తలుపులూ మూయించినప్పుడు ఈ దారి బాగా వెడల్పయింది. ఆ ఏడాది మార్చిలోనే కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. ఫోన్లో, వీడియోలో డాక్టరు రోగిని ఎలా చూడాలో అందులో రాశారు. పిల్లల విషయంలో ఒక షరతు పెట్టారు. మైనర్లను చూసేటప్పుడు పెద్దవాళ్లు ఒకరు వెంట ఉండాలి. ఈ షరతు మంచిదే. పిల్లలకు రక్షణ. కానీ 'వెంట ఉండటం' అంటే ముప్పావుగంటా పక్కనే కూర్చోవడం అనుకుంటారు చాలామంది. మా అక్కలా!

ఆన్‌లైన్ అంటే ఒకటి కాదు

ఒకే పేరుతో మనం పిలిచేవి నిజానికి నాలుగైదు రకాలు. నిపుణులు అటు, పిల్లలు ఇటు కూర్చుని వీడియోలో మాట్లాడుకోవడం ఒకటి. గొంతు మాత్రమే వినిపించే ఫోన్ కాల్ మరొకటి. టైపు చేసుకుంటూ సాగే చాటింగ్ ఇంకొకటి. పాఠాల్లాగో ఆటలాగో తయారుచేసిన ప్రోగ్రామును పిల్లలే ఒక్కో మెట్టూ పూర్తిచేసుకుంటూ పోవడం నాలుగోది.

ఈమధ్య ఏఐ చాట్‌బాట్‌లకు కష్టం చెప్పుకునే పిల్లలూ కనిపిస్తున్నారు. అర్ధరాత్రి రెండింటికి అడిగినా అది విసుక్కోదు, ఎవరికైనా చెప్పేస్తుందేమో అన్న బెరుకూ ఉండదు. పిల్లలకు నచ్చడంలో ఆశ్చర్యం లేదు. కానీ పిల్ల నిజంగా ప్రమాదంలో ఉంటే అది వచ్చి మీ గది తలుపు తట్టదు. రేపు ఏదైనా పొరపాటు జరిగితే నిలదీయడానికి అవతల మనిషి ఉండడు. దాన్ని చికిత్స లెక్కలో వేసుకోకండి.

ఇక చికిత్స సంగతి. ఈ వయసులో వచ్చే ఆందోళనకు, దిగులుకు ఎక్కువగా వాడేది సీబీటీ... అంటే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. పేరు పెద్దదే గానీ పని అర్థం కానిదేమీ కాదు. 'ఈ పరీక్ష పోతే నా బతుకు అయిపోయినట్టే' లాంటి ఆలోచన ఒకటి బుర్రలో తిరుగుతుంటుంది. దాన్ని పట్టుకుని, కాగితం మీద పెట్టి, అందులో నిజమెంతో పిల్లలతోనే తూకం వేయిస్తారు. భయపడే పనిని చిన్న చిన్న మెట్లుగా చేసి ఒక్కోటీ ఎక్కిస్తారు. వారం వారం ఇంటి దగ్గర చేయాల్సిన అభ్యాసం ఇస్తారు. మాటలతో, అభ్యాసంతో నడిచేది కాబట్టే ఇది తెర మీదికి సులువుగా వచ్చేసింది.

పరిశోధనలు ఏమంటున్నాయి?

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లున్నారు. ఆస్ట్రేలియాలో సుసాన్ స్పెన్స్ బృందం 2011లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఆందోళనతో బాధపడుతున్న 12 నుంచి 18 ఏళ్ల పిల్లలు 115 మందిని తీసుకున్నారు. కొందరికి క్లినిక్‌లో సీబీటీ ఇచ్చారు. కొందరికి 'బ్రేవ్' అనే ప్రోగ్రాము ద్వారా ఇంటి దగ్గరే కంప్యూటర్లో ఇచ్చారు. ఇంకొందరిని కొన్నాళ్లు ఆగమన్నారు. ఏడాది తర్వాత చూస్తే, ఆన్‌లైన్ చికిత్స పూర్తిచేసినవాళ్లలో 78 శాతం మంది ప్రధాన సమస్య నుంచి బయటపడ్డారు. క్లినిక్‌కు వెళ్లినవాళ్లలో 80.6 శాతం. అంటే దాదాపు సమానమే!

అయితే ఒక సంగతి గమనించాలి. బ్రేవ్‌లో పిల్లలను ఒంటరిగా వదిలేయలేదు. చికిత్స చేసేవాళ్లు వెనకుండి ఈమెయిళ్లు రాశారు, ఫోన్ చేశారు. తల్లిదండ్రులకు కూడా విడిగా పాఠాలు పెట్టారు. పిల్లకు ఎప్పుడు ధైర్యం చెప్పాలో, ఎప్పుడు పక్కకు తప్పుకోవాలో వాళ్లకూ నేర్పారు.

న్యూజిలాండ్‌లో ఇంకో ప్రయత్నం జరిగింది. ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో శాలీ మెర్రీ బృందం 'స్పార్క్స్' అనే కంప్యూటర్ ఆట తయారుచేసింది. ఆటలో పిల్లలు ఒక పాత్రను తీసుకుని, ఊహాలోకంలో తిరుగుతూ, దిగులు పుట్టించే ఆలోచనలను పురుగుల్ని కొట్టినట్టు కొట్టాలి. దిగులుతో సాయం కోసం వచ్చిన 187 మంది పిల్లలను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఈ ఆట, రెండో జట్టుకు మామూలుగా ఇచ్చే కౌన్సెలింగ్. 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితాలు వచ్చాయి. మామూలు చికిత్సకు ఆట ఏమాత్రం తీసిపోలేదు. కానీ అందులోనూ రెండు కిటుకులున్నాయి. ప్రాణహాని భయం ఎక్కువగా ఉన్న పిల్లలను ఈ ప్రయోగంలో చేర్చుకోలేదు. ఆట ఇచ్చిన పిల్లల్లో ఏడు మెట్లూ పూర్తిచేసింది 60 శాతం మందే. మిగతావాళ్లు మధ్యలోనే ఆపేశారు.

మన దేశానికి వద్దాం. ఢిల్లీలో ఆరు ప్రభుత్వ పాఠశాలల్లో తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు చదివే 251 మంది పిల్లలతో ఒక అధ్యయనం జరిగింది. సమస్యను ముక్కలు చేసుకుని ఎలా పరిష్కరించుకోవాలో చెప్పే చిన్న పుస్తకాలను అందరికీ ఇచ్చారు. సగం మందికి వాటితోపాటు ఓ కౌన్సెలర్‌నూ ఇచ్చారు. ఆ కౌన్సెలర్లు పెద్ద పెద్ద డిగ్రీలవాళ్లు కాదు, కొంత శిక్షణ పొందిన మామూలు యువతీయువకులు. 2020లో ఫలితాలు వచ్చాయి. పరీక్షల్లాంటి ప్రశ్నపత్రంతో కొలిచిన లక్షణాల్లో ఆరు వారాలకు పెద్ద తేడా రాలేదు. కానీ 'నన్ను బాధపెడుతున్నది ఇదీ' అని పిల్లలు తమ నోటితో చెప్పిన సమస్యల బరువు మాత్రం, పక్కన మనిషి ఉన్నవాళ్లకే ఎక్కువ తగ్గింది.

ఈ మూడూ చదివాక నాకు అర్థమైంది ఒకటే. తెరా, గదా అన్నది రెండో ప్రశ్న. అవతల ఒక మనిషి ఉన్నారా, మధ్యలో మానేయకుండా చూసేవాళ్లు ఉన్నారా, ఇవతల పిల్ల నోరు విప్పగలుగుతోందా... ఇవీ మొదటి ప్రశ్నలు. మా ఇంట్లో మొదటి రెండూ ఉన్నాయి. మూడోదే లేదు.

ఒక గది కావాలి

మన ఇళ్లను ఒకసారి తలుచుకోండి. పిల్లలకు విడిగా గది ఉన్న ఇళ్లెన్ని? ఉన్నా, తలుపు గడియ వేసుకుంటే ఊరుకునే అమ్మలెందరు? 'తలుపేసుకుని ఏం చేస్తున్నావ్' అన్నది మనం రోజూ అనే మాట. హాల్లో టీవీ, మంచం మీద నాయనమ్మ, కూర అడగడానికి వచ్చే పక్కింటావిడ. వీళ్లందరి మధ్య కూర్చుని, చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తన మనసులో ఉన్నది చెప్పమంటే పదహారేళ్ల పిల్ల ఏం చెబుతుంది? ఇయర్‌ఫోన్లు అవతలి మాటను దాస్తాయి గానీ, ఇవతలి మాటను దాచవు.

ఆసుపత్రిలో దీనికి పూర్తిగా తిరగేసిన సమస్య. అక్కడ గది ఉంటుంది, తలుపు ఉంటుంది. ఆ తలుపు దాకా వెళ్లేలోపు వరండాలో కూర్చోవాలి. అక్కడ ఊరివాళ్లెవరైనా ఎదురైతే 'ఏంటి ఇలా వచ్చారు' అంటారు. అంటే ఇంట్లోవాళ్ల చెవి నుంచి దాక్కోవాలంటే క్లినిక్, ఊరివాళ్ల కంటి నుంచి దాక్కోవాలంటే ఫోను. పెద్దవాళ్లకు ఊరంటే భయం కాబట్టి మనం ఫోన్‌కి ఓటేస్తాం. పిల్లలకు దేని భయం ఎక్కువో అడగం.

తెర మీదికి రానివి

వీడియోలో భుజాల వరకే కనిపిస్తుంది. బల్ల కింద కాలు ఆడిస్తున్నారో, గోళ్లు కొరికి రక్తం తెప్పించుకున్నారో, ఎండాకాలంలోనూ పొడుగు చేతుల చొక్కా ఎందుకు వేసుకుంటున్నారో అందులో తెలియకపోవచ్చు. మనిషి చిక్కిపోయిన సంగతీ దాగిపోతుంది. మాట మధ్యలో మౌనం వస్తే అది ఏడుపు దిగమింగుకోవడమా, సిగ్నల్ పోవడమా? ఎదురుగా ఉంటే ఆ అనుమానమే రాదు.

అలాగని తెరకున్న లాభాలూ తక్కువేం కాదు. మా ఆఫీసులో ఒకాయన కొడుకు... చేతులు కడిగిందే కడగడం. క్లినిక్‌లో కూర్చుని దాని గురించి చెప్పడం వేరు, ఇంట్లో ఆ కుళాయి దగ్గరే ఫోన్ పెట్టి 'ఇప్పుడు కట్టెయ్, రెండు నిమిషాలు ఆగు' అని సైకాలజిస్టు చెబుతుంటే చేయడం వేరు. భయం ఎక్కడ పుడుతుందో అక్కడికే వైద్యం వచ్చింది. మనిషి ముఖం చూసి మాట్లాడలేని బిడియస్థులకు టైపు చేయడం మొదటి మెట్టుగా బాగుంటుంది. కాకపోతే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోకూడదు. నలుగురిలోకి వెళ్లాలంటే భయపడే పిల్లలకు ఎప్పటికీ ఫోన్లోనే కౌన్సెలింగ్ ఇప్పిస్తే, ఆ భయానికే తలుపు తీసి కూర్చోబెట్టినట్టవుతుంది.

ఇక మా పిల్ల సంగతి... రెండు వారాలు 'బాగానే ఉన్నానండీ' విన్నాక ఆ మేడమ్‌కు అనుమానం వచ్చింది. 'ఒక్కసారి గుంటూరు రండి' అన్నారు. ఈసారి బావ కొట్టు మూసి తీసుకెళ్లాడు. అక్కా వెళ్లింది. పిల్ల లోపల గంట ఉంది. ఏం చెప్పిందో నాకు తెలియదు. తెలుసుకోవాలని అడగనూ లేదు.

తర్వాత మేడమ్ అక్కను పిలిచారు. తలుపు దగ్గర నిల్చున్నందుకు మందలిస్తారనుకుంది అక్క. ఆవిడ ఏమీ అనలేదు. 'ఎందుకు నిల్చున్నారమ్మా' అని మాత్రం అడిగారు. "భయమండీ... లోపల ఏడుస్తుందేమో, ఏమైనా చేసుకుంటుందేమో అని" అంటూ ఏడ్చేసింది అక్క. అప్పుడు ఆవిడ చెప్పిన మాట అక్క నాకు పదిసార్లు చెప్పింది. "ప్రాణానికి ముప్పుందని నాకు అనిపిస్తే ఆ క్షణమే మీకు చెబుతాను. అమ్మాయికి కూడా మొదటి రోజే ఈ సంగతి చెప్పాను. నెలకోసారి మీతో విడిగా మాట్లాడతాను. మిగతా ముప్పావుగంట మాత్రం అమ్మాయిది."

ఆ రోజు తిరుగు ప్రయాణంలో ఇంకోటి జరిగింది. బస్సులో పిల్ల నాన్న పక్కన కూర్చుంది. సత్తెనపల్లి దాటాక, కిటికీలోంచి బయటికి చూస్తూ, "నాన్నా, నేను హాస్టల్లో ఉండలేను" అంది. బావ ఏమీ అనకుండా తల ఊపాడట. ఫోన్లో కౌన్సెలింగ్ జరిగినన్నాళ్లూ ఆయన కొట్టులోనే ఉన్నాడు. ఆ మేడమ్ ముఖమైనా చూడలేదు. నాలుగు గంటల ప్రయాణం దండగ అని నేను లెక్కేశాను. ఆ నాలుగు గంటల్లోనే తండ్రికి కూతురు దొరికింది.

ఎవరికి ఏది?

ఆందోళన, పరీక్షల భయం, ఒక మోస్తరు దిగులు, నిద్ర పట్టకపోవడం... వీటికి వీడియో కౌన్సెలింగ్ బాగానే పనిచేస్తుంది. మొదటిసారి మాత్రం నేరుగా చూపించి, తర్వాత ఆన్‌లైన్‌లో కొనసాగిస్తే మేలు. నెలా రెండు నెలలకోసారి ఎదురుగా కలిస్తే ఇంకా మేలు.

కొన్నింటికి ఆన్‌లైన్ మీదే ఆధారపడకూడదు. చచ్చిపోతాననడం, తమను తాము గాయపరచుకోవడం, తిండి మానేసి చిక్కిపోవడం, లేని మాటలు వినిపిస్తున్నాయనడం, మత్తుపదార్థాలు... ఇలాంటివాటికి ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తిండి మానేసిన పిల్ల బరువు, నాడి, రక్తపోటు ఫోన్లో చూడలేరు కదా. చదువులో వెనకబాటు, ఏకాగ్రత లోపం, ఆటిజం లాంటివి నిర్ధారించే పరీక్షలూ నేరుగానే చేయించాలి. చిన్నపిల్లలకు ఆటబొమ్మలతో చేసే చికిత్స సైతం అంతే. ఇంట్లోనే ఎవరివల్లో వేధింపు ఉందనిపిస్తే ఆ ఇంట్లోంచే ఫోన్లో మాట్లాడమనడం అన్యాయం. ఆ బిడ్డకు ఇంటి బయట గది కావాలి. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం కౌన్సెలరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. దాన్ని నమ్మకద్రోహం అనుకోకూడదు.

హాస్టల్ పిల్లల సంగతి?

వాళ్లకు ఇల్లూ దూరమే, ఆసుపత్రీ దూరమే. చాలాచోట్ల ఫోనూ చేతిలో ఉండదు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటున్న పదిహేడేళ్ల విద్యార్థిని మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో కనీసం ఒకరిని నియమించాలని చెప్పింది. హెల్ప్‌లైన్ నంబర్లను హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలని కూడా చెప్పింది. పిల్లను చేర్చేటప్పుడు ఫీజు, ర్యాంకులు, భోజనం అడుగుతాం కదా. 'మీ కౌన్సెలర్ ఎవరండీ? పిల్లలు వాళ్లతో ఎక్కడ కూర్చుని మాట్లాడతారు?' అని కూడా అడగండి. జవాబు తడబడితే మీకే అర్థమవుతుంది.

మొదలుపెట్టే ముందు...

* అవతలివారి అర్హత అడగండి. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు అడగడం అవమానం కాదు.

* మీకు ఏం చెబుతారు, ఏం చెప్పరు అన్నది మొదటి రోజే, పిల్లల ముందే మాట్లాడుకోండి.

* వీడియోను రికార్డు చేస్తారా, చాటింగ్ ఎక్కడ దాచిపెడతారు అని అడగండి. స్పష్టంగా చెప్పనివాళ్ల దగ్గరికి వెళ్లకండి.

* మీ ఇంటి చిరునామా, అత్యవసరంగా పిలవాల్సిన నంబరు ముందే ఇచ్చి ఉంచండి. సిగ్నల్ పోతే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో అనుకోండి.

* ఎవరైనా గదిలోకి వస్తే పిల్లలు మాట మార్చడానికి ఒక గుర్తుమాట పెట్టుకోవచ్చు. మేడమ్, మా పిల్ల పెట్టుకున్న మాట 'బోటనీ రికార్డు'.

* డబ్బు ఇబ్బంది అయితే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ ఇది. ఉచితం. రాత్రీ పగలూ ఉంటుంది. తెలుగులో మాట్లాడతారు. అవసరమైతే దగ్గర్లోని ఆసుపత్రికి పంపిస్తారు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 కూడా ఉంది.

* నాలుగైదు వారాలైనా మార్పు లేకపోతే ఆ మాట వాళ్లకే చెప్పండి. పద్ధతి మార్చాలో, మనిషిని మార్చాలో, ఫోన్ వదిలి నేరుగా వెళ్లాలో తేలుతుంది. నచ్చలేదని చెప్పే హక్కు పిల్లలకూ ఉంది.

ఒక్క మాట. మీ ఇంట్లో పిల్లలకు ప్రాణహాని ఉందనిపిస్తే ఏది మంచిదా అని ఆలోచిస్తూ కూర్చోకండి. ఒంటరిగా వదలకుండా, వెంటనే దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లండి.

శనివారం అయిదింటికి

సంక్రాంతి తర్వాత పిల్లను పక్క ఊళ్లో కాలేజీలో చేర్చారు. రోజూ ఇంటి నుంచే వెళ్లి వచ్చేది. మార్చిలో పరీక్షలు రాసింది. మొదటి రోజు పొద్దున కడుపునొప్పి వచ్చింది. అయినా వెళ్లింది. మార్కులు బావ అనుకున్నన్ని రాలేదు. ఆ మాట ఆయన ఇంట్లో ఎత్తలేదు. అన్నీ చక్కబడిపోయాయని చెప్పను. కొన్ని రాత్రులు ఇప్పటికీ నిద్ర పట్టదంటుంది.

కౌన్సెలింగ్ మధ్యలో మానలేదు. నెలకోసారి గుంటూరు, మిగతా వారాలు ఫోన్లో. శనివారం సాయంత్రం అయిదింటికి నాయనమ్మ మంచాన్ని వాకిట్లో వేపచెట్టు కిందికి మారుస్తారు. హాల్లో టీవీ పెట్టే ఉంచుతారు. గది తలుపు అక్కే దగ్గరగా వేస్తుంది.

సరిగ్గా అయిదూ అయిదుకి నాకు ఫోన్ వస్తుంది. అక్కే. వెనక గుడిగంట వినిపిస్తుంటుంది.

"గుడి అరుగు మీద కూర్చున్నానే. ఇంకా నలభై నిమిషాలుంది. ఇంటికెళ్తే మళ్లీ తలుపు దగ్గరికి పోతాను... ఏదో ఒకటి మాట్లాడు."

వంకాయల ధర దగ్గర మొదలుపెడతాం. అయిదూ ముప్పావు దాకా ఇద్దరం ఏదో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటాం.